వాయువు కదలక ముందు

సమ్మె మొదలైన రోజున నేను సంతోషపడ్డాను, ఏడ్చాను కూడా. రెండూ ఒకే పూట. మాది నల్గొండ పల్లె. మా ఆయన బస్సు కండక్టరు. తెలంగాణ రావాలని మా ఇంట్లో కోరుకోనివాళ్లు లేరు, కాబట్టి సంతోషం. బొగ్గు గనుల్లో కూడా పని ఆపేస్తున్నారని టీవీలో చెప్పారు, కాబట్టి ఏడుపు. బొగ్గు లేకపోతే కరెంటు ఉండదు. కరెంటు లేకపోతే నా పీహెచ్‌డీ ఉండదు.

అప్పుడు మేం ఎల్బీ నగర్ దాటి అల్మాస్‌గూడ వైపు ఒక కాలనీలో, మేడ మీద రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. కింద ఓనర్లు, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన భార్యాభర్తలు, మాకు సార్, ఆంటీ. సార్ రిటైరైన లెక్కల లెక్చరర్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఆయన లెక్కలు, నేను ఫిజిక్స్ చెప్పేవాళ్లం. పొద్దున క్లాసులయ్యాక నేను యూనివర్సిటీకి పోయి ల్యాబ్‌లో నా పని చేసుకునేదాన్ని. క్యాంపస్‌లో టియర్ గ్యాస్ మామూలైపోయాక ల్యాబ్‌కు తాళం పడింది. నా ప్రోగ్రామును ఇంటికి తెచ్చుకుని, బీరువా పక్కన నేల మీద పెట్టిన అసెంబుల్డ్ కంప్యూటర్లో నడపడం మొదలుపెట్టాను.

ఆ ప్రోగ్రాము చేసే పని ఏమిటో చెప్పకపోతే ఈ కథకు అర్థం లేదు. ఆకాశంలో చల్లటి వాయువు మేఘాలుంటాయి. మన వాన మేఘాలు కావు. హైడ్రోజన్, కాస్త ధూళి, లోపల చిమ్మచీకటి. వాటిలో కొన్ని బాగా చిక్కనివి. అలాంటి మేఘం తన బరువుకు తానే లోపలికి కుంగుతుంది, కుంగేకొద్దీ ముక్కలవుతుంది. ఆ ముక్కల్లోంచి నక్షత్రాలు పుడతాయి. మామూలు మేఘంలో పదులో వందలో పుడితే, చిక్కటి మేఘంలో లక్షలు ఒకేచోట, సందు లేకుండా పుడతాయి. వాటిలో బాగా బరువైనవి కొన్ని ఉంటాయి. అవి పుట్టీ పుట్టగానే తమ వేడితో, వెలుగుతో చుట్టూ మిగిలిన వాయువును బయటికి తరిమేస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. అప్పటిదాకా ఆ నక్షత్రాలన్నిటినీ ఒకచోట పట్టి ఉంచింది చాలావరకు ఆ వాయువు బరువే. అది గబుక్కున వెళ్లిపోతే, కలిసి పుట్టినవన్నీ తలో దిక్కుకు పోతాయి. అప్పటికే వాయువులో చాలా భాగం నక్షత్రాలుగా మారిపోయి ఉంటే మాత్రం వాటిని వాటి బరువే పట్టి ఉంచుతుంది. గుంపు నిలబడుతుంది. ఇదంతా లెక్కగట్టి తెర మీద చూపడమే నా ప్రోగ్రాము పని.

మేఘం తగినంత చిక్కగా ఉంటే గుంపు నిలబడి తీరుతుందని నా వాదన. అంత చిక్కటి మేఘంలోంచి వాయువు బయటపడటం అంత తేలిక కాదు, అది బయటపడేలోపు ఇంకా నక్షత్రాలు పుట్టేస్తాయి. వాదన బాగానే ఉంది. కాని నా కంప్యూటరు మోయగలిగిన కొన్ని వేల నక్షత్రాలతో నేను నడిపిన ప్రతిసారీ గుంపు చెదిరిపోయింది. మేఘాన్ని చిక్కబరిచాను, చెదిరింది. ఇంకా చిక్కబరిచాను, కాస్త ఆలస్యంగా చెదిరింది.

మా గైడు మొహమాటం లేని మనిషి. "చెదిరిపోయే కథ చాలామంది చెప్పేశారు. నిలబడేది ఒక్కటి చూపించు, లేకపోతే ఎగ్జామినర్లు తిప్పి పంపుతారు," అన్నారు.

నా రిజిస్ట్రేషన్ గడువు అప్పటికే పొడిగించారు. ఇక పొడిగించేది లేదని కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. దసరా తర్వాత నెలలో థీసిస్ ఇవ్వకపోతే ఇన్నేళ్ల చదువూ పోయినట్టే. మిగిలింది ప్రోగ్రామును ఆఖరిసారి నడపడం ఒక్కటే. అన్నిటికంటే చిక్కటి మేఘంతో అది మొదలుపెట్టాను. తర్వాత సమ్మె మొదలైంది.

కరెంటు కోతకు పేపర్లో ఒక టైము వేసేవారు. వేసిన టైముకు పోయేది, వేయని టైముకూ పోయేది. నా ప్రోగ్రాము కొంతసేపటికోసారి అప్పటిదాకా జరిగినదాన్ని హార్డ్ డిస్కులో దాచుకునేది. మధ్యలో కరెంటు పోతే, మళ్లీ వచ్చినప్పుడు దాచుకున్న చోటు నుంచి మొదలుపెట్టేది. వినడానికి బాగానే ఉంటుంది. కాని నక్షత్రాలు రెండు మరీ దగ్గరికొచ్చి ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం మొదలుపెడితే, కంప్యూటరు వాటి ప్రతి కదలికనూ చిన్న చిన్న అడుగులుగా లెక్కగట్టాలి. చిక్కటి మేఘంలో అలాంటి జంటలు బోలెడు. దాచుకునే క్షణం వచ్చేలోపే కరెంటు పోయేది. వచ్చాక అదే దారి మళ్లీ మొదటి నుంచి. కొన్ని రోజులు నా విశ్వం అంగుళం కూడా కదల్లేదు.

మొదట్లో అప్పుడప్పుడూ ఒక సీడీ మీద కాపీ తీసేదాన్ని. సీడీ రాస్తుండగా కరెంటు పోతే ఆ సీడీ చెత్తబుట్టలోకే. ఒకదాని తర్వాత ఒకటి అలా పారేశాక మానేశాను. వచ్చే నాలుగు నిమిషాల కరెంటూ నక్షత్రాలకే ఇద్దామనుకున్నాను. పాడవకుండా తీసిన ఆఖరి సీడీలో నక్షత్రాలు చాలావరకు పుట్టాయి, వాయువు మాత్రం ఇంకా కదల్లేదు.

ఇంట్లో ఫ్యాను ఆగిన చప్పుడుకు నా గుండె ఆగేది. అన్నం ముందు కూర్చుని ఫ్యాను ఆగితే చెయ్యి కడుక్కుని లేచిపోయేదాన్ని. లేచి చేసేది ఏమీ లేదు, చీకటి తెర ముందు నిలబడటం తప్ప. తెలంగాణ రావాలని కోరుకునే నోటితోనే గనివాళ్లను తిట్టుకునేదాన్ని. తిట్టినందుకు మళ్లీ నన్ను నేను తిట్టుకునేదాన్ని. పిచ్చెక్కడం అంటే అదే కావచ్చు.

మా ఆయన డిపో ముందు టెంటులో కూర్చుని, సాయంత్రం గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. రాగానే అడిగే మొదటి మాట, "చుక్కలు ఎంతదాక వచ్చినయ్?"

"నిన్న ఎక్కడున్నయో అక్కడనే."

"నేనేం జెయ్యాలె చెప్పు. సమ్మె ఆపమంటవా?"

"ఆపమన్ననా నేను?"

"అనవు. మొకంల కనవడ్తది."

ఆయన చేయగలిగింది ఒకటుంది, దాన్ని శ్రద్ధగా చేసేవాడు. మా కాలనీలో కరెంటు ఒక్కోసారి మొత్తం పోదు, ఒక ఫేజు పోతుంది, ఒకటి ఉంటుంది. మెట్ల కింద మీటర్ల దగ్గర మూడు ఫేజుల ఫ్యూజులూ వరుసగా ఉంటాయి. టెస్టరు పెట్టి ఏది వెలుగుతోందో చూసి, మన ఇంటి ఫ్యూజును పీకి ఆ ఫేజులో పెట్టుకోవడం కాలనీలో ప్రతి మగాడికీ వచ్చిన విద్య. తప్పని అందరికీ తెలుసు, మానేసినవాడు ఎవడూ లేడు. మా ఆయన భుజం మీది టికెట్ల సంచీ పోయి జేబులోకి టెస్టరు వచ్చింది. బతికున్న ఫేజు కనబడితే ముందు మా ఇంటిని దాని మీదికి ఎక్కించి, తర్వాత పక్కవాళ్లకు చెప్పేవాడు. నా కంప్యూటరును కరెంటు రాగానే తనంతట తానే లేచి పని మొదలుపెట్టేలా పెట్టుకున్నాను, నేను పక్కన లేకపోయినా ఒక్క నిమిషం పోకూడదని.

కింద సార్‌కు ఇన్వర్టరు ఉండేది. నా అవస్థ చూసి, ఒకరోజు ఆయనే కిటికీలోంచి వైరు పైకి ఇచ్చారు. "మాకు ఒక్క ఫ్యాను చాలమ్మా. మిగతాది నీ నక్షత్రాలకు పెట్టుకో," అన్నారు. ఆంటీ అయితే ఆ ఫ్యాను కూడా ఆపేసి విసనకర్రతో కూర్చునేది. ఆ వైరు చూసి వెనక గల్లీలో ఒకాయన మా ఆయనను ఆపి, "ఏందన్నా, ఆంధ్రోళ్ల కరెంటు మీద బతుకుతున్నవా?" అని నవ్వాడట. మా ఆయన ఇంటికొచ్చి వైరు వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాడు. పీకేస్తాడేమో అనుకున్నాను. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, "చాయ్ పెట్టు," అన్నాడు.

సార్ ఒకసారి పైకొచ్చి తెర మీద చుక్కల గుంపు చూశారు. నేను వివరంగా చెప్పాను. ఆయన గడ్డం గోక్కుంటూ, "అంటే కలిసి పుట్టినవాళ్లు కలిసుంటారా విడిపోతారా అని చూస్తున్నావన్నమాట. మన రాష్ట్రం సంగతేగా ఇది," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "సార్, నక్షత్రాలకు జిల్లాలుండవు," అన్నాను. ఆయన నవ్వారు. ఇప్పటికీ ఎవరైనా నా నక్షత్రాలను దేనికో పోలిస్తే నాకు చిరాకే. అవి వాయువు, బరువు, వేడి. అవి అవే అయినందుకే నాకు ఇష్టం.

కోతలు పెరిగాక ఇన్వర్టరు బ్యాటరీ నిండటానికి కూడా కరెంటు మిగల్లేదు. కొన్నాళ్లకు అది కూత పెట్టి ఆగిపోయింది. నా యూపీఎస్ అంతకు ముందే చచ్చింది. కంప్యూటరు వైరు సూటిగా గోడ ప్లగ్గులోకి వెళ్లింది.

అలాంటి రోజుల్లోనే, సద్దుల బతుకమ్మకు ముందు, కాస్త ఎక్కువసేపు కరెంటు నిలిచింది. నా మేఘంలో వాయువు కదలడం మొదలైంది. బరువైన నక్షత్రాలు దాన్ని బయటికి నెట్టడం తెర మీద కనబడింది. ఇంతకుముందు నడిపినప్పుడల్లా ఈ దశలోనే గుంపు అంచులు వదులైపోయేవి. ఈసారి అంచున ఉన్నవి కొన్ని పోయాయి, నడిమధ్యన ఉన్నవి పోలేదు. నేను కుర్చీలోంచి లేవకుండా చూశాను. వాయువు సగం పోయింది, నడిమి గుంపు అక్కడే ఉంది. ఒక్కటే మిగిలింది. వాయువు పూర్తిగా పోయాక కూడా అది అక్కడే ఉంటుందా? గైడుకు ఫోన్ చేస్తే, "పూర్తిగా పోనీ. అప్పుడు మాట్లాడుదాం," అన్నారు. ఆయన గొంతులో మొదటిసారి ఆశ వినబడింది. నాకైతే భయం పట్టుకుంది. పోయేది ఏమీ లేనప్పుడు అంత భయం ఉండేది కాదు.

సద్దుల బతుకమ్మ సాయంత్రం ఆ ఏడు పండగా, తెలంగాణ సభా కలిసే జరిగింది. మా ఇంటి ఎదుటి కాలనీ గ్రౌండులో మైకు సెట్టు, సీరియల్ లైట్లు. బతుకమ్మల పక్కన జెండాలు. ఏర్పాట్లు మా ఆయనవే. సాయంత్రం ఒక ఫేజే బతికి ఉంది. కాలనీ అంతా దాని మీదే ఉంది. మైకు సెట్టు, లైట్లు, ఇళ్లు, ఇంటింటి మోటార్లు, మా నక్షత్రాలు, అన్నీ. నేను రానని చెప్పాను. పక్కింటామె మెట్లెక్కి వచ్చింది.

"వొదినే, పండుగ నాడు గా డబ్బా ముంగట కూసుంటవా? జర రారాదు, ఒక్క సుట్టు తిరిగి పోదువు."

తెర వైపు చూశాను. లెక్క సాగుతోంది, గుంపు ఉంది. నేను కూర్చున్నంత మాత్రాన కరెంటు నిలబడదు కదా అనుకుని చీర సవరించుకుని దిగాను. ఆంటీ గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. పండగకు ఆవిడను ఎవరూ పిలవలేదు. నేను చెయ్యి పట్టి లాక్కుపోయాను. వలయంలో ఆవిడకు అడుగులు రాలేదు, చప్పట్లు మాత్రం సరిగ్గా కొట్టింది. నెలల తర్వాత నాకు ఊపిరాడినట్టనిపించింది.

పాట మధ్యలో మైకు ఆగింది. లైట్లు పోయాయి. ఆడవాళ్లు పాట ఆపలేదు, చీకట్లోనే తిరిగారు. కాసేపటికి మా ఇంటి మెట్ల దగ్గర నుంచి మా ఆయన గొంతు వినబడింది. సంతోషంగా ఉంది ఆ గొంతు.

"ఇంకో ఫేజు వచ్చిందే. దాని మీద ఎవ్వలు లేరు, మొత్తం ఖాళీ. నీ కంప్యూటర్ పెడుతున్న."

నేను చదివింది ఫిజిక్స్. ఆయన ఆ మాట అనగానే నాకు అంతా అర్థమైంది, నోరు పెగలడానికి మాత్రం ఒక్క క్షణం పట్టింది. కాలనీ బరువంతా ఒక్క ఫేజు మీద పడితే తిరిగిపోయే తీగ, అదే న్యూట్రల్, వేడెక్కి తెగిపోతుంది. మైకు ఆగింది అందుకే. అది తెగి ఉండగా కొత్త ఫేజు వస్తే, దాని మీద ఒంటరిగా ఉన్న ఇంటికి రావలసిన వోల్టేజీకి దాదాపు రెట్టింపు వస్తుంది. ఎంత ఖాళీగా ఉంటే అంత ప్రమాదం.

"వద్దు," అన్నాను. పాటలో అది ఎవరికీ వినబడలేదు.

మా గది కిటికీ తెల్లగా వెలిగింది. ఆ బల్బు అంత వెలుగు ఇవ్వగలదని నాకు తెలియదు. గ్రౌండులో ఆడవాళ్లందరూ తలలెత్తి చూశారు. ఎవరో కరెంటు వచ్చిందని చప్పట్లు కొట్టారు. బల్బు పేలింది. కరెంటు రాగానే తనంతట తానే లేవమని నేను నేర్పిన కంప్యూటరు ఆ రాత్రి కూడా మాట విని లేచింది.

నేను పైకి వెళ్లేసరికి గది నిండా కాలిన వాసన. ఆయన చేతిలో ఇంకా టెస్టరు ఉంది. "ఖాళీగుండె," అన్నాడు. "ఖాళీగుంటె మంచిదనుకున్న." ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నాడు. నేను నేల మీద కూర్చుని వేడిగా ఉన్న ఆ డబ్బా మీద చెయ్యి వేసి, సార్ వాళ్లు కొవ్వొత్తి తెచ్చేదాకా అలాగే ఉండిపోయాను. ఫ్రిజ్జూ టీవీ కూడా పోయాయని మర్నాడు చూసుకున్నాం.

దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు తెలిసిన రిపేరు షాపులన్నీ తిరిగాను. హార్డ్ డిస్కులోంచి ఏమీ రాదన్నారు. సీడీ ఉంది, కాని అందులో వాయువు ఇంకా కదల్లేదు. అక్కడి నుంచి మళ్లీ నడపడానికి కంప్యూటరు కావాలి, కరెంటు కావాలి, అన్నిటికంటే ముందు గడువు కావాలి. సమ్మె ముగిశాక యూనివర్సిటీ ఆఫీసుకు పోయి బతిమాలాను. ఎదుట కూర్చున్న ఆఫీసరు నా కాగితం చదివి, "సమ్మె మీ ఒక్కరికే జరిగిందా అమ్మా?" అన్నాడు. ఆయన ముందు ఏడవకూడదని పళ్లు బిగించి బయటికొచ్చి, బస్టాపులో ఏడ్చాను. గడువు పోయింది. నా పేరు తీసేశారు.

తెలంగాణ వచ్చింది. ఆ రోజు మా ఆయన పటాకులు కాల్చాడు, రోడ్డు మీద ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. మా ఏడుపు ఒక్కటి కాదని ఇద్దరికీ తెలుసు. నేను ఇప్పటికీ కోచింగ్‌లో ఫిజిక్స్ చెబుతాను. కరెంటు పాఠంలో న్యూట్రల్ దగ్గరికి వచ్చేసరికి కొంచెం తొందరగా చెప్పి దాటేస్తాను. మా ఆయన ఆ సాయంత్రం తర్వాత ఫ్యూజుల జోలికి పోలేదు. బల్బు మార్చాలన్నా ఎలక్ట్రీషియన్‌ను పిలవమంటాడు.

మొన్నొక మధ్యాహ్నం ఆయన డ్యూటీకి పోయే ముందు నా బల్ల మీద ఒక చిన్న డబ్బా పెట్టాడు. లాప్‌టాప్‌కు తగిలించుకుని సీడీలు చదువుకునే డ్రైవు. ఈ లాప్‌టాప్‌లకు సీడీ పెట్టే చోటు ఉండదు కదా.

"గా సీడీ ఉన్నదా ఇంక?" అన్నాడు.

"ఉన్నది."

"ఇప్పటి కంప్యూటర్‌ల ఎంతసేపైతది?"

"నాలుగైదు రోజులు."

"మరి నడుపు."

"ఎందుకు ఇప్పుడు? డిగ్రీ ఇస్తరా ఎవరన్న?"

ఆయన యూనిఫాం గుండీలు పెట్టుకోవడం ఆపి కూర్చున్నాడు. "నేను కాల్చింది ఏందో తెల్వక ఇన్నేండ్ల సంది సస్తున్న," అన్నాడు. "ఎట్లనన్న చెదిరేదే ఉండె అని తెలిస్తె, జర నిద్ర పడ్తది నాకు."

"నిలబడితే?"

ఆయన డ్రైవు డబ్బాను నా వైపు ఇంకొంచెం జరిపి, బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు.

ఆయన పోయాక సీడీ తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. గుంపు చెదిరిపోతే ఆయనకు నిద్ర పడుతుంది. నేను మాత్రం ఆ గుంపు నిలబడేదే, నా లెక్క సరైనదే, కరెంటు ఒక్కటే నన్ను ముంచింది అనుకుంటూ ఇన్నేళ్లు బతికాను. నాకు మిగిలిన పీహెచ్‌డీ ఆ నమ్మకం ఒక్కటే, దాన్ని ఆయన నిద్ర కోసం ఇవ్వలేకపోయాను. సీడీని మళ్లీ కవర్లో పెట్టేశాను.